పొర మూడు: గట్టి మట్టి

గ్రూప్-2కి చదువుతున్న రోజుల్లో, ఒక ఫిబ్రవరి సాయంత్రం ఆర్మూర్‌లో మా చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూచుని గైడు బట్టీ పడుతున్నాను. ఆర్మూర్‌లో ఫిబ్రవరి అంటే పసుపు. చేన్లలో తవ్వకం, తర్వాత ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబెట్టడం, డ్రమ్ముల్లో పాలిష్ పట్టడం, బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలడం. ఏడాది పంటకు సంబంధించిన పనంతా ఆ రెండు మూడు నెలల మీదే పడుతుంది. చిన్నమ్మ అప్పుడే కూలికి పోయి వచ్చింది. తెల్లారి నుంచి గొంతుక్కూచుని, తవ్విపోసిన దుంపల్లోంచి కొమ్ములు, మండలు విడదీసిన చేతులు. ఎంత తోమినా ఆ పసుపు పోదు.

నేను పైకి చదువుతున్నాను. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు. తవ్వకాలు జరిపినవారు వి.వి. కృష్ణశాస్త్రి. రెండోసారి, మూడోసారి. చిన్నమ్మ కాళ్ళు చాపుకుని మోకాళ్ళు రుద్దుకుంటూ అడిగింది:

"గంత పెద్ద జాగ ఆయనొక్కడే తవ్విండా బిడ్డా?"

నవ్వాను. ఆయన ఆఫీసరనీ, తవ్వేది కూలోళ్ళనీ చెప్పాను. ఆమె "అట్లనా" అని కాసేపు ఊరుకుంది. తర్వాత అన్న మాట మాత్రం ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. "మరి వాళ్ళ మోకాళ్ళు ఏమైనయో."

మొదటి ప్రశ్న మనకు కొత్త కాదు. శ్రీశ్రీ 'దేశ చరిత్రలు' చదివిన ఎవరికైనా అది నోటికొచ్చిన ప్రశ్నే. చరిత్రలో కూలీ ఎక్కడున్నాడని అడగడం మన సాహిత్యంలో ఎంత అలవాటైందంటే, ఆ ప్రశ్న అడిగేస్తే చాలు, జవాబు కూడా చెప్పేసినంత తృప్తి కలుగుతుంది. రెండో ప్రశ్న అలాంటిది కాదు. 'ఎవరు' అంటే ఒక పేరు చెప్పి తప్పించుకోవచ్చు, లేదా 'ప్రజలు' అనే పెద్దమాట ఒకటి వాడొచ్చు. 'మోకాళ్ళు ఏమయ్యాయి' అంటే అలా కుదరదు. మోకాలు ఎప్పుడూ ఒక మనిషిదే.

ఈ రెండో ప్రశ్నను పక్కన పెట్టుకుని పురావస్తు తవ్వకాల గురించిన రాతలు కొన్ని మళ్ళీ చదివాను. నేను పురావస్తు శాస్త్రం చదివినదాన్ని కాదు, రాతలు చదివేదాన్ని. కాబట్టి ఇది ఆ శాస్త్రం మీద తీర్పు కాదు. ఆ రాతల మీద, వాటిని ఇష్టంగా చదువుకుని మళ్ళీ అలాంటివే రాసే నాలాంటి వాళ్ళ రాతల మీద ఒక ఫిర్యాదు.

ముందు మన భాషతోనే మొదలుపెడతాను. తెలుగులో చేయడానికీ చేయించడానికీ వేరువేరు క్రియలున్నాయి. కట్టు, కట్టించు. తవ్వు, తవ్వించు. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడంటాం, కట్టాడు అనం. రాజు చెరువు తవ్వించాడంటాం. ఆ 'ఇంచు'లో ఒక ఖాళీ జాగా ఉంది. పేరు ఉండకపోవచ్చు, కానీ రాజు కాని ఇంకెవరో గడ్డపార పట్టారని ఆ క్రియ ఒప్పుకుంటుంది. అంత ఒప్పుకోలు ఉన్న భాషలో పురావస్తు తవ్వకాల దగ్గరికొచ్చేసరికి ఏం రాస్తున్నాం? "తవ్వకాలు జరిపారు." పెళ్ళి జరిపారు, ఉత్సవం జరిపారు అన్నట్టు. పెళ్ళిలో అంట్లు తోమినవాళ్ళ పేర్లు శుభలేఖలో ఉండవు కదా, ఇక్కడా అంతే. రాజులకైనా తప్పని 'ఇంచు' మన అధికారులకు తప్పిపోయింది. గైడు పుస్తకం నుంచి దినపత్రిక ఆదివారం అనుబంధం దాకా ఇదే క్రియ.

తెలుగు రాతలు ఇలా ఉండటానికి మూలం ఇంగ్లీషు నివేదికల్లో ఉంది. పురావస్తు సర్వే 1953-54 నుంచి ఏడాది వారీగా వేసిన 'ఇండియన్ ఆర్కియాలజీ – ఎ రివ్యూ' సంచికలు తిరగేస్తే ఆ నమూనా తెలిసిపోతుంది. తవ్వకానికి నాయకుడు ఫలానా, ఆయనకు సాయపడినవారు సర్వశ్రీ ఫలానా ఫలానా. ఆ 'సర్వశ్రీ'లో ఫోటోగ్రాఫర్లు, చిత్రకారులు, సర్వేయర్లు కూడా చాలాసార్లు ఉంటారు. అది మెచ్చుకోదగిన పద్ధతి. కానీ పేర్ల వరుస ఎప్పుడూ జీతగాళ్ళ దగ్గరే ఆగుతుంది, దినకూలీ దాకా దిగదు. ఆ వెంటనే మట్టి మొదలవుతుంది. పొర ఒకటి, పొర రెండు, పొర మూడు. ఒక్కో పొరకూ రంగు ఇది, కలిసిన ముక్కలు ఇవి, వదులు మట్టి, గట్టి మట్టి.

'గట్టి మట్టి' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రంగు చూడటానికి చార్టు ఉంది. లోతు కొలవడానికి టేపుంది. గట్టిదనం మొదట తెలిసేది ఎవరికి? గడ్డపార దిగకుండా ఎగిరి వచ్చినప్పుడు అదిరిన మణికట్టుకు. పైపొరలో గంటలో అయ్యే పని ఇక్కడ పూటంతా పట్టినప్పుడు నడుముకు. గట్టు మీద నిలబడి నోట్సు రాసుకునే మనిషికి ఆ సంగతి సాధారణంగా తవ్వే మనిషి మాట వల్లో, అతని వేగం తగ్గడం వల్లో తెలుస్తుంది. ఆ నొప్పి కాగితం మీదికి ఎక్కేసరికి మట్టి గుణంగా మారిపోయింది. కాబట్టి నివేదికలో కూలీ శరీరం లేదనడం పూర్తి నిజం కాదు. ఉంది. మట్టి ఖాతాలో జమ అయి ఉంది.

మార్టిమర్ వీలర్ 'ఆర్కియాలజీ ఫ్రమ్ ది ఎర్త్' (1954) ఈ రకం రాతల్లో అందరికంటే బాగా రాసిన పుస్తకం. ఆయన 1944 నుంచి 1948 దాకా మన సర్వేకు డైరెక్టర్ జనరల్. అరికమేడు, హరప్పా, బ్రహ్మగిరి తవ్వించిన మనిషి. (చూశారా, 'ఇంచు' పెట్టడం ఎంత తేలికో.) మన దేశంలో ఒక తరం పురావస్తుకారులకు చెయ్యి పట్టి దిద్దించినవాడు. వస్తువుల కోసం కాదు, మనుషుల కోసం తవ్వాలని పదేపదే చెప్పినవాడు. పుస్తకం చదువుతుంటే మాట మీద ఆయనకున్న పట్టుకు అసూయ కలుగుతుంది. అందులో సిబ్బందికి ఒక అధ్యాయం, పనిముట్లకు ఒక అధ్యాయం ఉన్నాయి. శుభ్రమైన అంచులు, గళ్ళు గళ్ళుగా తీసిన గుంటలు, మధ్యలో వదిలిన సన్నటి మట్టి గోడలు. ఫిరంగి దళంలో పనిచేసిన మనిషి కదా, అంతా కవాతులా ఉంటుంది.

ఆ గళ్ళ పద్ధతిని ఇప్పుడు చిన్నమ్మ మోకాలి వైపు నుంచి చూడండి. గుంట ఎంత లోతైతే తట్ట అంత ఎత్తుకు ఎక్కాలి. ఇరుకు గడిలో నిటారుగా నిలబడి పార ఊపలేం, వంగాలి. గోడ అంచు చెదరకూడదు కాబట్టి దాని మీద అడుగు ఆచితూచి వెయ్యాలి, నెత్తిన మట్టితో. పద్ధతి తప్పని నేననడం లేదు. ఆ పద్ధతి వల్లే మనకు ఏ పొర ముందో ఏది వెనకో తెలిసింది. కానీ కొలతలో అంత ఖచ్చితత్వం కావాలన్నప్పుడు దాని ఖర్చు ఒక శరీరం మీద పడుతుంది. ఖచ్చితత్వం గురించి పుస్తకమంతా రాసిన మనిషికి ఆ ఖర్చు ఒక విషయంగా తోచలేదు. వీలర్ మనుషులంటే అప్పటికే చచ్చిపోయిన మనుషులు.

చచ్చిపోయినవాళ్ళ విషయంలో ఈ శాస్త్రం ఎంత దయగలదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. సిరియాలో యూఫ్రటీస్ మీద తబ్కా ఆనకట్ట కట్టేటప్పుడు మునిగిపోయే ఊళ్ళలో అబూ హురేరా ఒకటి. అక్కడ 1972, 1973లో హడావుడిగా తవ్వారు. మన నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నీటితో పోటీపడి తవ్వినట్టే. అబూ హురేరా ఎముకల మీద థియా మోల్సన్ అనే ఆమె చేసిన పని 1994లో 'సైంటిఫిక్ అమెరికన్'లో వచ్చింది. వేల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళ కాలి బొటనవేళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మోకాళ్ళ మీద, నడుము పూసల మీద గుర్తులున్నాయి. రోజూ గంటల తరబడి మోకాళ్ళ మీద కూచుని, వేళ్ళు వెనక్కి మడిచి, రాతి మీద గింజలు నూరిన గుర్తులవి. ఒక్క మాట కూడా మిగలని ఆ ఆడవాళ్ళ బతుకు వాళ్ళ కాలివేళ్ళలో దొరికింది. అది చదివి నేను ఏడ్చినంత పని చేశాను.

అంతకు ముందే, 1893లో, లాహోర్ మెడికల్ కాలేజీలో పనిచేసిన హావెలాక్ చార్ల్స్ పంజాబీల కాలి ఎముకల మీద ఒక వ్యాసం రాశాడు. గొంతుక్కూచునే అలవాటు వల్ల చీలమండ దగ్గర ఎముక మీద చిన్న చదునైన గుర్తు ఏర్పడుతుందని. ఇవాళ ఎక్కడ అస్థిపంజరం దొరికినా ఆ గుర్తుల కోసం చూస్తారు.

ఇప్పుడు ఆ దృశ్యం ఊహించండి. గుంటలో ఒక అస్థిపంజరం. దాని చుట్టూ మట్టిని చిన్న తాపీతో గీకుతూ, బ్రష్షుతో ఊడుస్తూ గొంతుక్కూచున్న ఒక ఆడమనిషి. దినకూలీ. చచ్చిపోయినామె చీలమండ మీద గుర్తు నివేదికకు ఎక్కుతుంది, పట్టిక అవుతుంది, బొమ్మ అవుతుంది. అదే గుర్తు అదే భంగిమలో తన కాలి మీద వేసుకుంటూ కూచున్నామె ఎక్కడికీ ఎక్కదు. ఆమె గురించి తెలియాలంటే ఇంకో రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆమెను తవ్వాలి.

నేను ఎక్కువ చేసి చెబుతున్నానేమో అని నాకే అనిపించింది. అందుకే పనిని పనిగా చూద్దాం. తవ్వకాలు ఎక్కువగా వానలు వెనకపట్టాక మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతాయి. పసుపు తవ్వే నెలలూ అవే. పని కోసం వచ్చే చేతులూ చాలాచోట్ల ఒక రకంవే, చుట్టుపక్కల ఊళ్ళ వ్యవసాయ కూలీలవి. వంగడం, ఎత్తడం, గొంతుక్కూచోవడం, మోకాళ్ళ మీద పాకడం. ఈ నాలుగూ ఏళ్ళ తరబడి చేస్తే మోకాలి కీళ్ళు అరుగుతాయని చెప్పడానికి ఇవాళ కొత్త పరిశోధన అక్కర్లేదు. జల్లెడ దగ్గర దుమ్ము వేరు. మా దగ్గర పసుపు పాలిష్ డ్రమ్ము దగ్గర ఆడవాళ్ళు ముక్కుకు కొంగు కట్టుకున్నట్టే అక్కడా కట్టుకుంటారు. 2001లో అమెరికాలో, యూటాలోని డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌లో ఒక పురావస్తు స్థలం దగ్గర పనిచేసిన 10 మందికి 'వ్యాలీ ఫీవర్' అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. వాళ్ళు చేసిన పనుల్లో మట్టి జల్లించడం ఒకటి. ఆ జబ్బు తెచ్చే బూజు అమెరికా ఖండాల నేలల్లోది, మనకు లేదు. నేను చెప్పేది జబ్బు గురించి కాదు, రాత గురించి. ఆ 10 మంది లెక్కకెక్కారు. ఏ రోజు ఏ పని చేశారో, ఎప్పుడు జ్వరం వచ్చిందో ఆరోగ్యశాఖ వాళ్ళు అడిగి రాసుకున్నారు. రాయాలనుకుంటే రాయొచ్చన్నమాట.

మన చట్టం కూడా చూశాను. 1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టంలో 27వ సెక్షన్ ఉంది. తవ్వకం వల్ల భూమికి నష్టం జరిగినా, ఆ భూమి మీద వచ్చే రాబడి తగ్గినా యజమానికి పరిహారం ఇవ్వాలి. న్యాయమే. పసుపు వేసిన చేను తవ్వితే రైతుకు డబ్బులు రావాల్సిందే. కానీ ఆ చట్టం నేలకు గాయమవుతుందని గుర్తించినంత స్పష్టంగా, నేలను తవ్వే ఒంటిని గుర్తించదు. మామూలు కార్మిక చట్టాలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. తట్ట జారి కాలు విరిగితే అవి కొంతవరకు పనికొస్తాయి. ఇరవై సీజన్లలో నెమ్మదిగా అరిగిన మోకాలు ఏ రోజు, ఏ గుంటలో అరిగిందని చూపిస్తారు?

ఈ విషయం మీద ఇటీవలి పుస్తకాలు రెండు నాకు బాగా నచ్చాయి. ఒకటి ఆలిసన్ మికెల్ 'వై దోజ్ హూ షవెల్ ఆర్ సైలెంట్' (2021). జోర్డాన్‌లోని పెట్రా, టర్కీలోని చాతాల్‌హొయుక్ దగ్గర తవ్వే పనివాళ్ళతో మాట్లాడి రాసింది. ఆమె చెప్పిన ముఖ్యమైన మాట: పనివాళ్ళకు మట్టి గురించి, వస్తువుల గురించి చాలా తెలుసు, కానీ తెలియనట్టుండడమే వాళ్ళకు లాభసాటి. అమాయకంగా, సంప్రదాయంగా కనిపించేవాళ్ళకే పని దొరుకుతుంది. ఇది చదవగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. దుంప చేత్తో పట్టుకుని పసుపు ఏ రకమో, ఎంత ఆరిందో చెప్పగల మనిషి, యార్డులో వ్యాపారి ముందు "మాకేం తెలుసు సేటూ" అంటాడు. అది వినయం కాదు, బేరం.

రెండోది ఆశిష్ అవికుంతక్ 'బ్యూరోక్రాటిక్ ఆర్కియాలజీ' (2022). ఆయన సినిమాలు కూడా తీస్తాడు. మన పురావస్తు సర్వే తవ్వకాల శిబిరాల్లో ఉండి, అక్కడి హోదాల నిచ్చెన ఎలా పనిచేస్తుందో, ఆఫీసు ఫైలు లెక్క మట్టిలో దొరికిన సత్యాన్ని ఎలా మలుస్తుందో రాశాడు. మన దగ్గర ఈ పని ఇంత దగ్గరగా చూసి రాసినవాళ్ళు అరుదు.

ఈ రెండు పుస్తకాలకూ నేను రుణపడి ఉన్నాను. కానీ రెండింటితోనూ నాకొక పేచీ ఉంది. మికెల్ అడిగిన ప్రశ్న ప్రధానంగా తెలివి గురించి: కూలీకి తెలిసినదానికి గుర్తింపు ఎందుకు రాలేదు? అవికుంతక్ అడిగింది అధికారం గురించి. రెండూ పెద్ద ప్రశ్నలే. అయితే చదువుకున్నవాళ్ళం కూలీని గౌరవించాలనుకున్నప్పుడల్లా అతనిలో ఇంకో చదువుకున్నవాణ్ణే వెతుకుతాం. "చూశారా, ఇతనికీ ఎంత తెలుసో!" ఏమీ తెలియని కూలీ మోకాలు కూడా నొస్తుంది కదా. మికెల్ మాటనే ఇంకొంచెం ముందుకు జరపొచ్చని నాకనిపిస్తుంది. తెలియనట్టుండడం ఎంత లాభసాటో, నొప్పి లేనట్టుండడం అంతకంటే లాభసాటి. కుంటుతూ వచ్చినామెను రేపు మేస్త్రీ పిలవడు. అందుకే నొప్పి గురించి ఎవరైనా అడిగినా నిజం బయటికి రాదు. నివేదికలో శరీరం లేకపోవడానికి రాసేవాళ్ళ నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ఆ శరీరం తనను తానే దాచుకుంటుంది. రాతను తప్పుపట్టే విమర్శకులు ఇది మరిచిపోతే, మనం కూడా గట్టు మీద నిలబడే మాట్లాడుతున్నట్టు.

"నివేదిక అనేది శాస్త్రం. అందులో మోకాళ్ళకు చోటెక్కడ?" అని ఒక స్నేహితుడు అడిగాడు. అతను తవ్వకాల్లో పనిచేసినవాడే. గుడారంలో పడుకుని, తేళ్ళను చూసుకుంటూ, చాలీచాలని నిధులతో నెగ్గుకొచ్చిన మనిషి. కృష్ణశాస్త్రిగారి లాంటివాళ్ళు అలా తిరగకపోతే గోదావరి ఒడ్డున శాతవాహనుల మొదటి నాణేల ఊసు గైడు పుస్తకాల్లోకి వచ్చేది కాదు, తెలంగాణ చరిత్ర ఇవాళున్నంత ముందు నుంచి మొదలయ్యేది కాదు. ఆ శ్రమను నేను చిన్నచూపు చూడను. కానీ స్నేహితుడి ప్రశ్నకు జవాబు నివేదికలోనే ఉంది. గుంట కొలతలు రాస్తారు. సీజను తేదీలు రాస్తారు. పాత ఫోటోల్లో గోడ ఎత్తు తెలియడానికి కూలీని పక్కన నిలబెట్టారు, కొలబద్ద లాగా. మనిషి ఎత్తు పనికొచ్చినప్పుడు మనిషి బరువు, అలసట ఎందుకు పనికిరావు? ఎంతమంది, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత లోతు నుంచి ఎంత మట్టి ఎత్తారు, ఎవరికి ఏ దెబ్బ తగిలింది. ఒక్క పట్టిక. అది సానుభూతి కూడా కాదు, సమాచారం. మూడో పొర గట్టిదనడానికి సాక్ష్యం.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక మ్యూజియం ప్రదర్శన చూసొచ్చి వ్యాసం రాశాను. చాలామంది బాగుందన్నారు. అందులో, పుస్తకంలో పేజీలు తిప్పినట్టు నేల పొరల్ని ఒక్కొక్కటే తిప్పారని రాసుకున్నాను. ఆ వాక్యం నాకు అప్పట్లో చాలా ఇష్టం. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. పేజీ తిప్పడానికి వేలి కొస చాలు. గడ్డపార పోటు గురించి తెలియని ఇంట్లో పుట్టి ఉంటే ఆ వాక్యానికి నన్ను క్షమించొచ్చు. నేను పుట్టింది పసుపు తవ్వే ఇళ్ళ మధ్య. నేల పేజీలా తిరగదని చూస్తూ పెరిగాను. అయినా కలం పట్టేసరికి ఆ చూసినదంతా పక్కకు పోయి, ఎక్కడో చదివిన అందమైన పోలిక చేతికొచ్చింది. గైడు పుస్తకాన్నీ వీలర్‌నీ తప్పుపట్టే ముందు నేను కొట్టేయాల్సిన వాక్యం అది.

మొన్న సంక్రాంతి తర్వాత ఆర్మూర్ వెళ్ళాను. చిన్నమ్మ ఇప్పుడు గొంతుక్కూచోలేదు. చిన్న ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఇంటి దగ్గరే కాసిన్ని కొమ్ములు విరుస్తోంది. డాక్టరు కింద కూచోవద్దన్నాడట. కింద కూచోకుండా ఏ పనుంటదో ఆయన్నే చెప్పమనాలె అంది. నేను రాస్తున్న ఈ వ్యాసం గురించి చెప్పాను. ఆ సాయంత్రం ఆమె అడిగిన ప్రశ్న ఆమెకే గుర్తు లేదు. గైడు పుస్తకం మాత్రం గుర్తుంది.

"గా తవ్వినాయన పేరు పరీక్షల అడిగిండ్రా మరి?"

ఒక మాక్ టెస్టులో అడిగారని చెప్పాను. సరిగ్గానే రాశానని, ఒక మార్కు వచ్చిందని చెప్పాను.

"మంచిగైంది" అని, స్టూలు మీంచి లేవడానికి చెయ్యి చాపింది. పట్టుకుని లేపాను. అరచేతికి పసుపంటింది.